పక్కకు జరిగి పాడినవాడు

బీటిల్స్ నలుగురిలో చిన్నవాడు జార్జ్ హారిసన్. వేదిక మీద అందరికన్నా ముందు విసుగు పుట్టిందీ అతనికే. 1966లో బీటిల్స్ టూర్లు మానేశాక మరో ముప్పై అయిదేళ్లు బతికాడు. ఆ కాలమంతటిలో తన పేరు మీద చేసిన టూర్లు రెండే. అయినా ఇవాళ ఎక్కడ ఏ విపత్తు వచ్చినా గాయకులు ఒక్కచోట చేరి పాడి డబ్బు పోగుచేస్తున్నారంటే, ఆ దారి వేసింది అతనే.

1971 ఆగస్టు 1, ఆదివారం. న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కిక్కిరిసి ఉంది. తెల్ల సూటు, నారింజ రంగు చొక్కా, గుబురు గడ్డంతో జార్జ్ హారిసన్ పాడుతున్నాడు. వరసగా ఏ పాట తరవాత ఏ పాటో రాసుకున్న చీటీ ఒకటి అతని గిటారుకు అంటించి ఉంది. ‘హియర్ కమ్స్ ద సన్’ అయిపోయాక రావలసిన చోట మాత్రం పాట పేరు లేదు. ‘బాబ్’ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు.

ఆ బాబ్, బాబ్ డిలన్. 1966లో మోటార్‌సైకిల్ ప్రమాదం జరిగాక పెద్ద వేదికలకు దాదాపు దూరమైపోయిన మనిషి. ముందురోజు రిహార్సల్‌కైతే వచ్చాడు గానీ, ఆ హాలు చూసి, కెమెరాలు చూసి బెదిరిపోయాడు. మర్నాడు వస్తాడో రాడో అతనికే తెలీదు. పాట ముగించి జార్జ్ వెనక్కి తిరిగి చూశాడు. గిటారు తగిలించుకుని, మెడలో హార్మోనికాతో డిలన్ నడిచొస్తున్నాడు. పేరు ప్రకటించి, జార్జ్ ఓ పక్కకు జరిగాడు. డిలన్ అయిదు పాటలు పాడినంతసేపూ అతని వెనక గిటారు వాయిస్తూ నిలబడ్డాడు.

ఆ కచేరీ ఏర్పాటు చేసింది జార్జ్. జనం వచ్చింది జార్జ్ కోసం. అయినా అతను ఎక్కువ ఆనందించింది ఆ పక్కకు జరిగిన ఘడియల్లోనేనని ఆ కచేరీ మీద వచ్చిన సినిమా చూసినవాళ్లెవరికైనా తెలిసిపోతుంది. వేదిక అంటే తను వెలిగే చోటు కాదు, తనకు నచ్చినవాళ్లను తీసుకొచ్చి కూర్చోబెట్టే చోటు అన్నట్టుండేది అతని వరస. అతని కచేరీల చరిత్రలో గొప్పదంతా ఈ గుణం వల్లే వచ్చింది. ఒకసారి చావుదెబ్బ తిన్నదీ దీనివల్లే.

బస్సు మీద పరీక్ష

లివర్‌పూల్‌లో 1943 ఫిబ్రవరి 25న పుట్టాడు. తండ్రి హెరాల్డ్ సిటీ బస్సులో కండక్టరు, తరవాత డ్రైవరు. నలుగురు పిల్లల్లో జార్జే ఆఖరివాడు. బడికి వెళ్లే బస్సులో పాల్ మెకార్ట్నీ పరిచయమయ్యాడు. ‘మావాడు గిటారు బాగా వాయిస్తాడు’ అని పాల్ అతన్ని జాన్ లెనన్ దగ్గరికి తీసుకెళ్లాడు. లెనన్‌కు ఈ పిల్లాణ్ని చూస్తే నవ్వొచ్చింది. పద్నాలుగో పదిహేనో ఏళ్లవాడు, వాడితో తిరిగితే పరువేం కాను? చివరికి ఓ రాత్రి డబుల్ డెక్కర్ బస్సు పైఅంతస్తులో ‘రాన్చీ’ అనే వాద్యగీతాన్ని ఒక్క స్వరం తప్పకుండా వాయించి చూపించాడు జార్జ్. అలా 1958లో బృందంలో చేరిపోయాడు.

1960 ఆగస్టులో జర్మనీలోని హాంబుర్గ్ వెళ్లారు. అక్కడి రేపర్‌బాన్ వీధి మర్యాదస్తులు రాత్రిపూట తిరిగేది కాదు. ముందు ఇంద్ర అనే క్లబ్బు, ఆ తరవాత కైజర్‌కెల్లర్. రాత్రికి గంటల కొద్దీ వాయించాలి, తాగినవాళ్ల గొడవల మధ్య వాయించాలి, పాటలు అయిపోతే ఉన్నపాటనే సాగదీయాలి. సంగీత కళాశాలలు నేర్పలేనిది ఆ వీధి నేర్పింది. నవంబరులో పోలీసులకు జార్జ్ వయసు తెలిసింది. పద్దెనిమిది నిండనివాడు రాత్రి క్లబ్బుల్లో ఉండటానికి వీల్లేదని దేశం నుంచి పంపించేశారు. ఒంటరిగా రైలెక్కి ఇంటికొచ్చాడు. కొన్ని నెలలకే మళ్లీ వెళ్లాడనుకోండి, అది వేరే సంగతి.

లివర్‌పూల్‌లో కావెర్న్ క్లబ్బు. నేలమాళిగ, చెమట, గోడల మీంచి కారే తడి. 1961 నుంచి 1963 ఆగస్టు దాకా బీటిల్స్ అక్కడ దాదాపు మూడొందల సార్లు వాయించారు. తర్వాతి కాలంలో జార్జ్‌ను ఏ ఇంటర్వ్యూలో అడిగినా బీటిల్స్ మంచి కచేరీ బృందంగా ఉన్నది ఆ రోజుల్లోనే అన్న ధోరణిలోనే మాట్లాడేవాడు. ఎదురుగా ఉన్నవాళ్ల ముఖాలు కనిపించేవి. తమ వాయిద్యం తమకు వినిపించేది.

వినిపించని పాట

1964 ఫిబ్రవరి 9న అమెరికాలో ఎడ్ సల్లివాన్ టీవీ కార్యక్రమాన్ని 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. గొంతు వాచి, జ్వరంతో హోటల్ మంచం మీదున్న జార్జ్ లేచి వచ్చి వాయించాడు. ఆ తరవాత మొదలైంది అసలు పిచ్చి. తనకు జెల్లీ బేబీలంటే ఇష్టమని జార్జ్ ఎప్పుడో ఓ మాటన్నాడు. ఇంగ్లండులో అవి మెత్తటి మిఠాయిలు. అభిమానులు కచేరీల్లో వాటిని వేదిక మీదికి విసరడం మొదలుపెట్టారు. అమెరికాలో దొరికే జెల్లీ బీన్లు గట్టివి. రెండు రోజుల తరవాత వాషింగ్టన్‌లో అవి రాళ్లలా వచ్చి తగిలాయి. విసరొద్దని అభిమానులను బతిమాలుకోవలసి వచ్చింది. ప్రేమతో కొట్టినా దెబ్బ దెబ్బేగా.

1965 ఆగస్టు 15, న్యూయార్క్‌లో షియా స్టేడియం. 55 వేల మందికి పైగా జనం. వేదిక మీద ఒక్కొక్కటీ వంద వాట్ల ఆంప్లిఫయర్లు, పాట జనానికి చేరేది బేస్‌బాల్ ఆటల ప్రకటనలు వినిపించే మైకుల్లోంచి. అరుపుల హోరులో ఎవరేం వాయిస్తున్నారో వాళ్లకే తెలియదు. అరగంట, డజను పాటలు, కారెక్కి పరుగు. స్టేడియం కచేరీలకు ఇది ఆదిగురువని చరిత్ర రాసేవాళ్లు అంటారు. వాయించేవాడి వైపునుంచి చూస్తే అది మూగ సినిమా.

1966 జులైలో మనీలా. దేశాధ్యక్షుడి భార్య ఇమెల్డా మార్కోస్ ఇచ్చిన విందుకు బీటిల్స్ వెళ్లలేదు. వాళ్లకు ఆ పిలుపు సరిగా అందనే లేదు. మర్నాడు విమానాశ్రయంలో ఎస్కలేటర్లు ఆపేశారు, భద్రత తీసేశారు, నెట్టారు, కొట్టారు. ప్రాణాలు అరచేత పట్టుకుని విమానమెక్కి ఢిల్లీలో దిగారు. ఇక్కడ తమనెవరూ గుర్తుపట్టరని ఆశ. విమానాశ్రయం కంచె దగ్గర అప్పటికే జనం గుమిగూడి ఉన్నారు. అయినా జార్జ్ వచ్చిన పని అయింది. కన్నాట్ ప్లేస్‌లో వాద్యాల దుకాణం నడిపే రిఖీరామ్ వాళ్ల దగ్గర మంచి సితార్ కొనుక్కున్నాడు.

ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాండిల్‌స్టిక్ పార్క్‌లో పదకొండు పాటలు. అమ్ముడైన టికెట్లు 25 వేలే, సగానికి దగ్గరగా సీట్లు ఖాళీ. ఇదే ఆఖరని నలుగురికీ తెలుసు. పాటల మధ్యలో జనానికి వీపు తిప్పి తమ ఫొటోలు తామే తీసుకున్నారు. విమానంలో కూలబడి ఇక తను బీటిల్ కానట్టేనని జార్జ్ అన్నాడని చెబుతారు. ఇరవై మూడేళ్లకే రిటైరైనవాడి ఊరట అది.

రెండు వారాలు తిరిగేసరికి బొంబాయి తాజ్ హోటల్లో తేలాడు. ఎవరూ పోల్చుకోకూడదని మీసం పెంచాడు. రవిశంకర్ ముందు నేల మీద కూర్చుని సితార్ ఎలా పట్టుకోవాలో మొదటినుంచీ నేర్చుకున్నాడు. లక్షల మంది చప్పట్లు కొట్టిన చేతివేళ్లకు కొత్తగా కాయలు కాశాయి. గొప్ప సితార్ విద్వాంసుడు కాలేనని రెండేళ్లలో అతనికి అర్థమైంది. గిటారు దగ్గరికే తిరిగొచ్చాడు. కానీ ఆ శిష్యరికం వృథా పోలేదు. తరవాత అతను వాయించిన స్లైడ్ గిటారులో ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే తీరు వింటుంటే, మీండ్ నేర్చిన చెయ్యని తెలిసిపోతుంది.

1969 జనవరిలో మళ్లీ కచేరీ చెయ్యాలన్న మాట వచ్చింది. లిబియాలో రోమన్ల నాటి రంగస్థలంలో చేద్దామన్నారు, ఓడలో చేద్దామన్నారు. అన్నిటికీ అడ్డం తిరిగినవాడు జార్జే. 10వ తేదీన మధ్యాహ్నం లేచి వెళ్లిపోయాడు కూడా. రాజీ కుదిరాక 30న లండన్‌లో తమ ఆఫీసు డాబా మీద, చలిగాలిలో 42 నిమిషాలు వాయించారు. నలుగురూ కలిసి జనం చెవిన పడేలా వాయించడం అదే ఆఖరు.

ఆ ఏడాది డిసెంబరులో మాత్రం చిత్రం జరిగింది. డెలానీ అండ్ బానీ అనే అమెరికా జంట ఇంగ్లండు టూర్లో ఉంది, వాళ్ల వెంట గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఉన్నాడు. లండన్‌లో వాళ్ల కచేరీ చూసిన జార్జ్ మర్నాడే గిటారు తీసుకుని వాళ్ల బస్సెక్కేశాడు. ప్రపంచంలోకెల్లా పేరున్న బృందంలోని మనిషి వెనక వరసలో, వెలుతురు పడని చోట నిలబడి తోడు వాయించాడు. స్లైడ్ గిటారు మీద చెయ్యి వేసింది ఆ రోజుల్లోనే. ‘మై స్వీట్ లార్డ్’కు అంకురం పడింది ఆ టూర్లో కోపెన్‌హేగన్‌లోనే. పేరు లేని చోట నిలబడితే అతనికి సంగీతం తిరిగొచ్చేది.

రెండు ఆటలు, ఒక ఆదివారం

1970 నవంబరులో వెలువడిన ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ మూడు రికార్డుల సంపుటి. బీటిల్స్‌లో ఉండగా ఆల్బమ్‌కు ఒకటో రెండో పాటలు దక్కిన మనిషి, పెట్టెలో దాచుకున్న పాటలన్నీ ఒక్కసారి బయటపెట్టాడు. ‘మై స్వీట్ లార్డ్’ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి ఎక్కింది. అప్పుడు టూర్ చేసుంటే కోట్లు వచ్చేవి. చెయ్యలేదు.

అదే నవంబరులో తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బాంగ్లాదేశ్) మీద భోలా ఉప్పెన విరుచుకుపడింది. 1971 మార్చి 25 రాత్రి నుంచి పాకిస్తాన్ సైన్యం ఊచకోత. లక్షల మంది సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. రవిశంకర్ పూర్వీకుల ఊరు అక్కడి జెస్సోర్ జిల్లాలోది. గురువు అల్లావుద్దీన్ ఖాన్ పుట్టిందీ ఆ నేల మీదే. కచేరీ చేసి ఓ 25 వేల డాలర్లు పోగుచేద్దామనుకున్నాడు రవిశంకర్, సాయం చెయ్యమని జార్జ్‌ను అడిగాడు. జార్జ్ ఫోన్ ముందు కూర్చున్నాడు. తనకోసం ఎన్నడూ ఎవర్నీ ఏదీ అడగని మనిషి, స్నేహితుడి కోసం జోలె పట్టాడు.

అయిదారు వారాల వ్యవధి. మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ఖాళీగా ఉన్నది ఆగస్టు 1నే. ఆగస్టు మొదట్లో మంచిదని ఓ భారతీయ జ్యోతిష్కుడూ చెప్పాడట. మెకార్ట్నీ రానన్నాడు, బీటిల్స్ విడిపోయిన గాయం పచ్చిగా ఉంది. లెనన్ వస్తానని ఆగిపోయాడు. నాలుగో బీటిల్ రింగో స్టార్ వచ్చాడు. బిల్లీ ప్రెస్టన్, లియాన్ రస్సెల్, బాడ్‌ఫింగర్ వచ్చారు. క్లాప్టన్ అప్పుడు హెరాయిన్ ఊబిలో ఉన్నాడు. వచ్చినా నిలబడగలడో లేదోనని ఇంకో గిటారిస్టును సిద్ధంగా ఉంచుకున్నారు.

మధ్యాహ్నం ఒక ఆట, రాత్రి ఒక ఆట. రెండింటిలోనూ మొదట కూర్చున్నది రవిశంకర్, సరోద్ మీద అలీ అక్బర్ ఖాన్, తబలా మీద అల్లా రఖా, తంబురాతో కమలా చక్రవర్తి. అలీ అక్బర్ కూడా ఆ తూర్పు బెంగాల్ మట్టివాడే. వాళ్లు శృతి చేసుకోవడం పూర్తవగానే హాలంతా చప్పట్లు. శృతికే ఇంత మెచ్చుకున్నారంటే వాయిస్తే ఇంకా ఆనందిస్తారని ఆశిస్తున్నానని రవిశంకర్ నవ్వుతూ చురక వేశాడు. ఈ ముచ్చట అందరూ చెప్పేదే. నాకు మాత్రం ఆ తరవాతి సంగతి ముఖ్యం. రాక్ వినడానికొచ్చిన జనం ‘బాంగ్లా ధున్’ను చివరిదాకా విన్నారు. హాల్లో పొగ తాగొద్దంటే చాలామంది మానారు కూడా.

ఆ తరవాత జార్జ్ తన పాటలు పాడాడు. మధ్యలో బిల్లీ ప్రెస్టన్ ఓ పాట పాడి, పూనకం వచ్చినట్టు లేచి చిందేశాడు. రింగో సాహిత్యం మరిచిపోయి ఏదో గొణిగేసి గట్టెక్కాడు. క్లాప్టన్ నిలబడ్డాడు. లోపాలన్నీ రికార్డులో అలాగే ఉన్నాయి, బాగున్నాయి.

రెండు ఆటలకూ కలిపి 40 వేల మంది. గేటు వసూలు 2,43,418 డాలర్ల 50 సెంట్లు, నేరుగా యునిసెఫ్‌కు వెళ్లింది. రికార్డుకు 1973లో గ్రామీ బహుమతి వచ్చింది. రికార్డు, సినిమాల డబ్బు దగ్గర మాత్రం చిక్కొచ్చింది. కచేరీకి ముందే దాన్ని ధర్మకార్యంగా కాగితాల మీద చూపించలేదు. ఆ పని మేనేజరు అలెన్ క్లైన్ చూసుకోవలసింది. దాంతో లక్షల డాలర్లు అమెరికా పన్నులశాఖ దగ్గర ఏళ్ల తరబడి చిక్కుకుపోయాయి. రికార్డు అమ్మకాల మీద పన్ను వదలబోమని బ్రిటన్ ప్రభుత్వం పట్టుబట్టింది. జార్జ్ తన జేబులోంచి పది లక్షల పౌండ్ల చెక్కు రాసిచ్చాడు. ఆకలిగొన్న పిల్లల కోసం పాడినందుకు పన్ను కట్టిన మనిషి, ‘టాక్స్‌మన్’ అనే పాట రాసినవాడే కావడం విధి ఆడిన వేళాకోళం.

బొంగురు గొంతు టూర్

మూడేళ్ల తరవాత జార్జ్ అదే పని ఇంకా పెద్దగా చేద్దామనుకున్నాడు. 1974లో రవిశంకర్ చేత మన దేశం నుంచి ఓ పెద్ద వాద్యబృందాన్ని రప్పించాడు. అందులో ఎవరెవరున్నారో చూడండి. వేణువు హరిప్రసాద్ చౌరాసియా, సంతూర్ శివకుమార్ శర్మ, తబలా అల్లా రఖా, సారంగి సుల్తాన్ ఖాన్, వయొలిన్ ఎల్. సుబ్రమణ్యం, మృదంగం టి.వి. గోపాలకృష్ణన్, గాత్రం లక్ష్మీశంకర్. మన దేశంలోనే వీళ్లందరినీ ఒక్క వేదిక మీద చూడాలంటే ఏ జన్మ పుణ్యమో చేసుకోవాలి. వీళ్లను అమెరికాలో ఐస్ హాకీ ఆడే హాళ్లకు తీసుకెళ్లాడు.

నవంబరు 2న వాంకూవర్‌లో మొదలై డిసెంబరు 20న న్యూయార్క్‌లో ముగిసింది. ఏడు వారాల్లో నలభైకి పైగా ఆటలు. బీటిల్స్ విడిపోయాక వాళ్లలో ఒకరు అమెరికా టూర్ చెయ్యడం అదే మొదలు, కాబట్టి జనం బీటిల్స్‌ను వెతుక్కుంటూ వచ్చారు. జార్జ్ ఇచ్చింది వేరు. బీటిల్స్ పాటలు నాలుగో అయిదో, వాటిలోనూ మాటలు మార్చేశాడు. లెనన్ పాట ‘ఇన్ మై లైఫ్’లో ప్రేయసి ఉండాల్సిన చోట దేవుణ్ని తెచ్చిపెట్టాడు. కొత్త ఆల్బమ్ ‘డార్క్ హార్స్’ టూర్ చివరికొచ్చేదాకా దుకాణాల్లోకి రాలేదు, అంచేత కొత్త పాటలు ఎవరికీ తెలియవు. అన్నిటికన్నా మించి, అతని గొంతు పోయింది. ఆల్బమ్ పూర్తి చెయ్యడం, రిహార్సల్సు ఒకేసారి నెత్తిన వేసుకుని, విశ్రాంతి లేక, బొంగురు గొంతుతోనే బయల్దేరాడు. ఆల్బమ్ పేరులోని ‘హార్స్’ను అలాగే పలికే, బొంగురనే అర్థమున్న ఇంగ్లిషు మాటగా మార్చి పత్రికలు దాన్ని బొంగురు టూర్ చేసేశాయి.

కొన్ని ఊళ్లలో సితార్ మోగుతుంటే రాక్ కావాలని అరిచారు. జార్జ్ కోప్పడ్డాడు, ఓపిక పట్టమని ఉపన్యాసమిచ్చాడు. జనానికి ఉపన్యాసం నచ్చదు. టూర్ మధ్యలో రవిశంకర్‌కు గుండెజబ్బు వచ్చి కొన్నాళ్లు ఆగిపోయాడు. బృందాన్ని లక్ష్మీశంకర్ నడిపించింది. ఊరూరా చప్పట్లు కొల్లగొట్టింది బిల్లీ ప్రెస్టన్. జార్జ్ పక్కకు జరగడం అలవాటైనవాడు గానీ, చూడ్డానికొచ్చిన మనిషే పక్కకు జరిగితే టికెట్ కొన్నవాడు ఏం చెయ్యాలి?

విమర్శకులు చీల్చి చెండాడారు. అప్పటి అమెరికా పత్రికల తీర్పు నాకు సగమే న్యాయంగా తోస్తుంది. గొంతు బాగాలేని గాయకుడు టికెట్లమ్మడం తప్పే. కానీ ఒక్క సాయంత్రంలో సోల్, జాజ్, హిందుస్తానీ, కర్ణాటక సంగీతాలను ఒక వేదిక మీద కూర్చోబెట్టడం అప్పటికి ఎవరి ఊహకూ రాలేదు. ‘వరల్డ్ మ్యూజిక్’ అని రికార్డు కొట్లలో అర పెట్టడానికి ఇంకా పుష్కరకాలం ఉంది.

సరదా ఘట్టాలూ ఉన్నాయి. డిసెంబరు 13న వైట్‌హౌస్‌కు భోజనానికి వెళ్లారు, పిలిచింది అధ్యక్షుడు ఫోర్డ్ కొడుకు జాక్. రవిశంకర్‌తోపాటు జార్జ్ తండ్రి, బస్సు డ్రైవరు హెరాల్డ్ హారిసన్ కూడా ఉన్నాడు. ఫోర్డ్ తన ధరల తగ్గింపు ప్రచారపు బిళ్ల ఇస్తే, జార్జ్ ఓంకారం బిళ్ల ఇచ్చాడు. ఆఖరి ఊళ్లో మెకార్ట్నీ దంపతులు విగ్గులు పెట్టుకుని, మారువేషంలో జనం మధ్య కూర్చుని చూశారట.

ఆ దెబ్బకు మళ్లీ పదిహేడేళ్లు టూర్ మాటెత్తలేదు. హెన్లీలోని ఫ్రయర్ పార్క్ ఎస్టేటులో మట్టి పిసుక్కుంటూ తోటపనిలో పడ్డాడు. 1980లో వచ్చిన ఆత్మకథ ‘ఐ మి మైన్’ను అంకితమిచ్చింది తోటమాలులకే. స్నేహితుల సినిమా ‘లైఫ్ ఆఫ్ బ్రయన్’కు పెట్టుబడి దొరక్కపోతే ఇల్లు తాకట్టు పెట్టాడు. 1987లో ప్రిన్స్ ట్రస్ట్ కోసం లండన్‌లో రింగో, క్లాప్టన్‌లతో రెండు రాత్రులు వాయించాడు. మరుసటి జనవరిలో ‘గాట్ మై మైండ్ సెట్ ఆన్ యూ’ అమెరికాలో మొదటి స్థానం. డిలన్, టామ్ పెటీ, జెఫ్ లిన్, రాయ్ ఆర్బిసన్‌లతో ట్రావెలింగ్ విల్బరీస్ అంటూ దొంగపేర్ల బృందం కట్టాడు. అది ఒక్క కచేరీ కూడా చెయ్యలేదు!

జపాన్‌లో పన్నెండు రాత్రులు

మళ్లీ బయటికి లాగింది క్లాప్టనే. నా బృందం, నా మనుషులు సిద్ధంగా ఉన్నారు, నువ్వు వచ్చి పాడితే చాలన్నాడు. 1991 డిసెంబరు 1న యోకోహామాలో మొదలై 17న టోక్యో డోమ్‌లో ముగిసిన పన్నెండు కచేరీలు. ఈసారి గొంతు బాగుంది, పాటలు జనానికి తెలిసినవి. ‘ఓల్డ్ బ్రౌన్ షూ’, ‘పిగ్గీస్’, ‘ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్’ లాంటి బీటిల్స్ పాటలు, పాతికేళ్లుగా వేదిక మీద వినబడనివీ అసలెన్నడూ వినబడనివీ, వరసగా పాడాడు. మధ్యలో క్లాప్టన్‌కు విడిగా కొంత సమయం, అది మామూలే. మరుసటి ఏడు వచ్చిన ‘లైవ్ ఇన్ జపాన్’ను ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, వేదిక మీద జార్జ్ ఎలా ఉంటాడో వినాలనుకునేవాళ్లకు నేనైతే ముందు దాన్నే ఇస్తాను. బాంగ్లాదేశ్ కచేరీలో చరిత్ర ఉంది, ఇందులో అతనున్నాడు.

1992 ఏప్రిల్ 6న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్. ఎన్నికలకు మూడు రోజుల ముందు, మహర్షి మహేశ్ యోగి అనుయాయులు పెట్టిన నేచురల్ లా పార్టీ కోసం పాడాడు. ఆ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. సొంత దేశంలో తన పేరు మీద అతనిచ్చిన పూర్తి కచేరీ అదొక్కటే. అదే ఏడు అక్టోబరులో డిలన్ ముప్పై ఏళ్ల సంబరానికి మాడిసన్ స్క్వేర్ గార్డెన్ వేదికెక్కి ఓ డిలన్ పాట పాడాడు.

1997లో ఓ టీవీ స్టూడియోకు రవిశంకర్‌తో కలిసి వెళ్లాడు. గురువుగారి ‘చాంట్స్ ఆఫ్ ఇండియా’ గురించి చెప్పడానికే వెళ్లాడు. వేదమంత్రాలతో చేసిన ఆ ఆల్బమ్‌కు నిర్మాత జార్జే, కొంత మద్రాసులో, కొంత తన ఇంట్లో రికార్డు చేశారు. మాటల మధ్యలో గిటారు చేతికిస్తే కాదనలేక కొన్ని పాటలు పాడాడు. టీవీలో అతను పాడగా చూడటం అదే ఆఖరు.

2001 నవంబరు 29న లాస్ ఏంజిలిస్‌లో క్యాన్సర్‌తో పోయాడు. యాభై ఎనిమిదేళ్లు. సరిగ్గా ఏడాదికి ఆల్బర్ట్ హాల్లో క్లాప్టన్ సారథ్యంలో స్నేహితులంతా చేరారు. మొదటి భాగమంతా భారతీయ సంగీతం. రవిశంకర్ కొత్తగా కూర్చిన ‘అర్పణ్’ను కూతురు అనౌష్క నడిపించింది. ఈసారి రాక్ కావాలని ఎవరూ అరవలేదు. రెండో భాగంలో రింగో, టామ్ పెటీ, బిల్లీ ప్రెస్టన్. మెకార్ట్నీ ‘సమ్‌థింగ్’ను యుకలేలీ మీద మొదలుపెట్టాడు. వాళ్ల మధ్య ఇరవై నాలుగేళ్ల ధని హారిసన్ ముఖమంతా తండ్రి పోలికతో గిటారు వాయిస్తున్నాడు. ఇతన్ని చూస్తుంటే జార్జ్ కుర్రాడిలాగే ఉండిపోయి మనమంతా ముసలాళ్లమైపోయినట్టుందని జార్జ్ భార్య ఒలీవియా అన్నదని మెకార్ట్నీ మైకులో చెప్పేసరికి హాలంతా నవ్వింది.